రాజ్యభ్రష్టుని తమ్ముడు

రాజ్యము గోల్పోయిన రాజుల కథలన్న మనకు తరతరములనుండి మక్కువ మెండు. నలుడు జూదమున సర్వస్వమును ఓడి, కట్టుబట్టను సైతము పక్షుల పాలు చేసికొని, బాహుకుడను పేర పరుని కొలువున గుర్రములను సాకి బ్రతికిన కథను మన యమ్మమ్మలు చెప్పగా వింటిమి. హరిశ్చంద్రుడు కాటికాపరియై, కన్నకొడుకు శవమునకు భార్యను కాటిసుంకమడిగిన ఘట్టమున నాటకశాలలో కూర్చుండి తెల్లవారుదాక కన్నీరు గార్చితిమి. పాండవులు విరాటుని నగరమున వంటవాడుగను, పశుపాలకుడుగను, ఆట నేర్పు పేడిగను దాగియుండుట మనకు కంఠపాఠము. ఈ కథలకన్నిటికి కట్టడి యొక్కటే. పరీక్ష ముగియును, ధర్మము గెలుచును, పోయిన రాజ్యము తిరిగి వచ్చును. రాజ్యము రానిచో కథ ముగిసినట్లు మనకు తోచదు.

ఈ యలవాటు పురాణములతో మనలను విడువదు. పదవీచ్యుతులైన రాజకుటుంబములవారి ఆత్మకథలు చదువునప్పుడును మనకు తెలియకయే ఆ కడపటి ఘట్టమునకై యెదురుచూతుము. రాజ్యము పోయినవాడు మంచివాడనియు, పుచ్చుకొన్నవాడు చెడ్డవాడనియు ముందే తీర్పు వ్రాసికొని గ్రంథము విప్పుదుము. ఇట్టి గ్రంథములను విమర్శింపబూనినవాడు మొదట తన మనస్సులోని యీ తీర్పును పరీక్షించుకొనవలెను. అందులకు చీనాదేశపు కడపటి రాజవంశమున బుట్టిన పూజియే యను రాకుమారుని జీవితము మిక్కిలి యుపకరించును. ఏలయన, ఆ వంశమునకు పోయిన రాజ్యము ఒక విధమున నిజముగనే తిరిగి వచ్చినది. వారి అసలు పతనము ఆ రాకతోనే కలిగినది.

చింగ్ వంశపు మంచూ ప్రభువులు 1644 మొదలు 1912 వరకు బీజింగునుండి చీనాను ఏలిరి. ఆ వంశమున కడపటి చక్రవర్తి పూయీ. ఆయన 1906 లో జన్మించి, 1908 లో మూడేండ్లు నిండకుండగనే సింహాసనమెక్కి, 1912 ఫిబ్రవరిలో ఆరేండ్ల ప్రాయమున దిగిపోయెను. పూజియే ఆయనకు తోడబుట్టిన తమ్ముడు. 1907 ఏప్రిలులో పుట్టి 1994 ఫిబ్రవరిలో గతించెను. ఎనుబదియారేండ్లు దాటిన ఆ జీవితమున, వంశము సింహాసనముపై నుండగా గడచినవి అయిదేండ్లకు లోపు. తక్కిన కాలమంతయు ఆయన పడిపోయిన యింటి బిడ్డగనే బ్రతికెను.

ఆయనను గూర్చి లోకమునకు తెలిసినది ముఖ్యముగా మూడు రచనలవలన. మొదటిది అన్న పూయీ 1964 లో ప్రకటించిన ఆత్మకథ. నా జీవితపు పూర్వార్ధమని దాని పేరునకు అర్థము. రెండవది పూజియే భార్యయగు హిరో జపానుభాషలో 1959 లో ప్రకటించిన స్వీయచరిత్రము. దానిని కినుయో తనాకా యను నటీమణి తానే దర్శకురాలై మరుసటి యేట చలనచిత్రముగా దీసినది. మూడవది ఇటలీ దేశపు దర్శకుడు బెర్నార్డో బెర్టొలూచీ 1987 లో దీసిన "కడపటి చక్రవర్తి" యను చిత్రము. దీనికి పూజియే స్వయముగా సలహాదారుగా నుండెను. మూటియందును కథాస్థానము వేరొకరిది. ఒకచోట అన్నది, ఒకచోట భార్యది. తమ్ముడు ఎప్పుడును ప్రక్కన నిలుచున్న మనిషి. ఆ ప్రక్కననే నిలిచి యీ మూటిని చదువుట నా యుద్దేశము. రాజకుటుంబమున నడుమ కూర్చున్నవానికంటె అంచున నిలిచినవాని బ్రతుకే ఆ వ్యవస్థ యెట్టిదో తేటగా జూపును.

పూయీ గ్రంథమున ఎవ్వరును మరువజాలని ఘట్టము బాల్యమునందలిది. సింహాసనము విడిచినను, ప్రజాప్రభుత్వముతో జరిగిన యొడంబడికనుబట్టి ఆ బాలుడు చక్రవర్తి బిరుదముతోడనే నిషిద్ధనగరపు లోపలి నగళ్లలో నివసించుచుండెను. ఏటేట నలువది లక్షల వెండి భరణముగా నిచ్చుట కొప్పుదల యుండెను. ఇట్లుండగా ఒకనాడు తల్లి తక్కిన బిడ్డలను వెంటబెట్టుకొని కొడుకును చూడవచ్చినది. అన్నకు పదియేండ్ల యీడు. తమ్ముడు ఒక్క యేడు చిన్న. పిల్లలు దాగుడుమూతలాడిరి; అలసి నవ్వుకొనుచుండిరి. అంతలో అన్న దృష్టి తమ్ముని చేతిచొక్కా లోపలి గుడ్డమీద బడినది. అది పసుపుపచ్చన. ఆ వన్నె చక్రవర్తికి దక్క నొరులకు కూడదు. నవ్వు నిలిచిపోయినది. ఇది యేమి రంగని అన్న గద్దించెను. తమ్ముడు వేరొక చాయ కాదాయని తొట్రుపడి, తుదకు చేతులు జారవిడిచి, దూరముగా జరిగి, కొలువుకూటమున మంత్రి నిలుచున్నట్లు నిలుచుండెను. చెల్లెలు బెదరి యేడ్పుమొగముతో ఆతని ప్రక్కకు చేరినది.

అప్పటికి రాజ్యము పోయి నాలుగైదేండ్లయినది. నగరిగోడల కావల చక్రవర్తి లేడు. ఐనను ఆటలాడుచున్న ఇద్దరు పిల్లలలో నొకడు ఒక్క గుడ్డపేలికను జూచి ప్రభువయ్యెను, రెండవవాడు భృత్యుడయ్యెను. వంశము పడిపోవుట వేరు, వంశము మనస్సులోనుండి పోవుట వేరు అని బోధించుటకు పది పుటల యుపన్యాసము చేయజాలని పనిని ఈ చొక్కాచేయి చేయుచున్నది. పూయీ యిచట తన్ను తాను నిందించుకొనడు, వ్యాఖ్యానము చేయడు. జరిగినది చెప్పి యూరకుండును. అందువలననే యిది ఆ గ్రంథమున ఉత్తమభాగములలో నొకటి.

చలనచిత్రమున ఈ ఘట్టము మారినది. అందు తమ్ముడు పసుపు వస్త్రము దాల్చి వచ్చును, అన్న తీసివేయుమనును, తమ్ముడు తలయెత్తి, నీవిక చక్రవర్తివి కావని యెదురు చెప్పును. చూచువారికి ఆ బాలునిపై ప్రేమ కలుగును. కథయు వడిగా నడచును. కాని నిజమునకు కలిగిన హానిని గమనింపుడు. గ్రంథములోని తమ్ముడు ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పవచ్చునని ఆతనికి తోచనే లేదు. ఆ తోచకుండుటయే ఘట్టమునందలి భయంకరత్వము. చిత్రకారుడు ఆతనికి ధైర్యమును దానము చేసి, ఆతని యసలు దుఃఖమును తీసివైచెను. పడిపోయిన రాజకుమారులను గూర్చి వ్రాయువా రందరును చేయు పొరపా టిదియే. వారిని మనము ప్రేమింపవలెనను తొందరలో వారిని మనకు నచ్చినవారినిగా మార్చుదురు.

తరువాతి కథయందు తమ్ముని విధేయత యెందులకు వినియోగపడెనో పూయీయే చెప్పుచున్నాడు. తమ్ముడు సహపాఠియను పేర నిత్యము నగరికి వచ్చుచుండెను. సాయంకాలము వెళ్లునప్పుడు చక్రవర్తి బహూకరించినవను మిషతో, దినమున కొక మూట చొప్పున, పురాతన చిత్రపటములను, వ్రాతలను, సుంగ్ కాలపు ముద్రిత గ్రంథములను బయటికి జేరవేసెను. అట్లు వెడలిన చిత్రముల చుట్టలు వెయ్యికి పైబడినవని అన్న లెక్క చెప్పుచున్నాడు. అవి యెవరి సొత్తు? ఆ పిల్లలు తమ యింటి సామానే యనుకొనిరి. కాని అవి తరతరముల చీనా చిత్రకారులు, లేఖకులు చేసిన సృష్టి. జనుల పన్నులతో కూర్చబడిన నిధి. ఈ యొప్పుకోలును చదివినప్పుడు, రాజు తన వస్తువు తాను తీసికొనిన దొంగతన మెట్లగునని మనలో కొందరికి తోచును. అట్లు తోచినంతకాలము మనలోను ఆ పసుపు గుడ్డ కొంత మిగిలియున్నదని యెరుగవలెను.

ఈ యన్నదమ్ముల తండ్రియగు చున్ రాజు ఇంతకంటె తెలివిగలవాడని నాకు తోచుచున్నది. కొడుకు బాలుడైనందున మూడేండ్లు రాజ్యభారమును వహించి, 1911 డిసెంబరులో ఆ పదవిని వదలి యింటికి వచ్చి, ఇకమీదట బిడ్డల నెత్తుకొని ఆడించుకొనవచ్చునని సంతోషించెనట. ఆ మాట విని భార్య యేడ్చి, కొడుకులారా, మీరు తండ్రివలె కావలదని బోధించెనట. లోక మాయనను చేతకానివాడనినది. కాని రాజ్యము పోయినప్పుడు ఇల్లు మిగిలినదని గుర్తించిన ఒక్కడు ఆ వంశమున ఆయనయే. తల్లి బోధయే కొడుకుల చెవి కెక్కినది. పోయినదానిని తిరిగి తెచ్చుటయే పుత్రధర్మమని వారు నమ్మిరి.

ఆ నమ్మికకు ఫలముగా రాజ్యము రెండుమారులు తిరిగి వచ్చినది. 1917 జూలైలో ఒక సేనాపతి పూయీని మరల సింహాసనముపై గూర్చుండబెట్టెను; అది పండ్రెండు దినములలో ముగిసెను. 1924 నవంబరులో వేరొక సేనాపతి ఆయనను నగరినుండియే వెడలగొట్టెను. 1931 లో జపానుసేన ఈశాన్యప్రాంతమగు మంచూరియాను ఆక్రమించి, 1932 మార్చిలో మంచూకువో యను రాజ్యమును కల్పించి, దానికి పూయీని ముందు అధ్యక్షునిగను, 1934 లో చక్రవర్తిగను నిలిపినది. తండ్రి యొకమారు వచ్చి చూచి, నిలువక తిరిగిపోయెను. తమ్ముడు మాత్రము అప్పటికే జపానులో కులీనుల పాఠశాలయందు చదివి, పిమ్మట ఆ దేశపు సైనికవిద్యాలయమున శిక్షణ పొంది, అన్న కొలువున సేనోద్యోగి యయ్యెను.

నలుని కథయైనచో ఇచ్చట మంగళము పాడవలసినది. పోయిన సింహాసనము వచ్చినది, అన్నదమ్ములు కలిసిరి. కాని ఆ రాజ్యమున రాజు సంతకము చేయు చేయి మాత్రమే. ఆజ్ఞ యిచ్చువారు క్వాన్‌టుంగ్ సేనాధిపతులు. రైతుల పొలములను చౌకగా లాగికొని జపానునుండి వచ్చిన వలసదారుల కిచ్చిరి. ధాన్యమును బలాత్కారముగా గొనిపోయిరి. నల్లమందు వ్యాపారమును ప్రభుత్వమే నడపెను. హర్బిన్ నగరము దాపున పింగ్‌ఫాంగ్ అను చోట జపాను సైనికవైద్యులు బ్రతికియున్న మనుష్యులపై రోగక్రిములను ప్రయోగించి చంపిరి. తిరిగి వచ్చిన రాజ్యము ఇట్టిది. పురాణములోని రాజు ఎవని రాజ్యము నేలుటకు తిరిగి వచ్చునో ఆ ప్రజల మాట మన కథలలో ఒక్క వాక్యముతో ముగియును, వారు సంతోషించిరనును. చరిత్రమున ఆ వాక్యము వ్రాయుట కవకాశము లేదు.

1937 ఏప్రిలులో టోక్యోయందు పూజియేకు జపాను దేశపు మార్క్విసు సాగా కుమార్తెయగు హిరోతో వివాహమయ్యెను. కూర్చినవారు సేనాధిపతులు. చక్రవర్తికి బిడ్డలు లేనిచో తమ్ముడును, తమ్ముని కొడుకును సింహాసనమునకు వత్తురని ఆ యేడే శాసనము చేసిరి. ఈ వివాహమును గూర్చి అన్న గ్రంథమును మరదలి గ్రంథమును జతచేసి చదువవలెను. అన్న దృష్టికి అది కుట్ర. నాటినుండి తమ్ముని యెదుట మనస్సు విప్పి మాటలాడుట మానెననియు, మరదలు పంపిన వంటకమును తమ్ముడు ముందు రుచి చూచినగాని ముట్టనైతిననియు ఆయన వ్రాసెను. మరదలు గర్భవతియైనప్పుడు తన భవిష్యత్తేమగునోయని శకునములు చూచుకొనెను; ఆడుబిడ్డ పుట్టినదని విని ఊపిరి పీల్చుకొనెను. హిరో గ్రంథమున అదే కాపురము అన్యోన్యమైన దాంపత్యము. కూర్చినవారి యుద్దేశమెట్టిదైనను, కూర్చబడినవారు ఒకరినొకరు ప్రేమించిరి. రెండును నిజములే. ఒక్క గ్రంథమునే చదివినవాడు సగము నిజముతో లేచిపోవును.

ఇక్కడ ముఖ్యమైన ప్రశ్నకు వత్తము. పూయీ ఆత్మకథ చెరసాలలో పుట్టినది. 1945 ఆగస్టులో జపాను ఓడిపోగానే అన్నదమ్ములిద్దరును రష్యనులకు చిక్కి అయిదేండ్లు ఆ దేశమున బందీలైరి. 1950 లో చీనా ప్రభుత్వమున కప్పగింపబడి ఫుషున్ నగరపు యుద్ధాపరాధుల కారాగారము చేరిరి. తమ నేరములను తామే విచారించి వ్రాయుట అచ్చటి నియమము. పూయీ నోట చెప్పగా తమ్ముడే చేతివ్రాతగా వ్రాసెను. ఆ వ్రాత తరువాత ఒక సంపాదకుని సహాయమున విస్తరించి, సవరింపబడి, నేటి గ్రంథమయ్యెను. అట్లగుటచే కొందరు విమర్శకు లిది పశ్చాత్తాపము కాదనియు, కావలివారికి ప్రియముగా జెప్పిన పాఠమనియు త్రోసివేయుదురు. ఆక్షేపణ తేలికది కాదు. ఈ పూయీయే 1946 ఆగస్టులో టోక్యో న్యాయస్థానమున సాక్షిగా నిలిచి, తాను జపాను సేనామంత్రికి వ్రాసిన యుత్తరము తనది కాదని ప్రమాణము చేసి బొంకెను. భయముచే ఒకమారు బొంకినవాడు భయముచే మరియొకమారు ఒప్పుకొనరాదా?

నాకు తోచిన పరీక్ష యొకటి గలదు. పెద్ద నేరముల నొప్పుకొనుట కష్టమని లోకము తలచును. కాని కారాగారమున పెద్ద నేరముల నొప్పుకొనుటయే సులభము. అవి అడిగినవారికి ముందే తెలియును. ఒప్పుకొన్నచో మెప్పును వచ్చును. దేశద్రోహినైతినని చెప్పుకొనుటలో ఒక విధమైన గొప్పతనము కూడ గలదు. కష్టమైనది అల్పత్వము నొప్పుకొనుట. తమ్ముని చొక్కాచేతిని జూచి గద్దించితినని, తమ్ముడు తిని బ్రతికినగాని వంటకము ముట్టనైతినని, పుట్టబోవు పసికందునకు వెరచి శకునములు చూచితినని చెప్పుమని యే యధికారియు నిర్బంధింపడు. వీనివలన రాజకీయప్రయోజన మేమియు లేదు. వీనిని చెప్పుకొన్నవాడు సిగ్గును దిగమ్రింగియే చెప్పుకొనియుండవలెను. కావున ఆ గ్రంథమున నేను నమ్మునవి ఆ చిన్న సిగ్గులు. వానినిబట్టి తక్కినదానిలో కొంత నమ్ముదును.

కొంత యనుట యేలయన, గ్రంథపు ఉత్తరభాగమున ఈ గుణము సన్నగిల్లినది. చెరసాల ప్రకరణములలో కావలివారందరును ఓర్పుగలవారు. ఖైదీలందరును క్రమముగా బాగుపడువారు. ప్రతి సందేహమునకును సమాధానము సిద్ధము. బిడ్డ పరీక్షాపత్రమున గురువుగారికి నచ్చునట్లు వ్రాసినట్లున్నది. అందును ప్రాణమున్న చోట్లు లేకపోలేదు. రష్యాలో నున్నంతకాలము బందీలైన బంధువులు చక్రవర్తియని పిలువజాలక, "పైవారు" అని పిలుచుచు ఆయన పడక సవరించుచు, బట్టలుదుకుచు నుండిరట. ఫుషున్‌లో వారిని విడదీసి వేరు గదులలో నుంచినప్పుడు, నలుబదేండ్లు దాటిన ఆ మనుష్యుడు మొదటిసారి తన బట్టలు తాను ఉదుకుకొనవలసివచ్చెను. రాజరికము మనుష్యుని ప్రభువును జేయుననుకొందుము. పసిబిడ్డను జేయునని ఈ ఘట్టము చెప్పుచున్నది. ఇదియు చిన్న సిగ్గే, ఇదియు నమ్మదగినదే.

తమ్ముని తలచుకొని చూతము. అన్న చెప్పుచున్నాడు, తమ్ముడు వ్రాయుచున్నాడు. జీవితమంతయు ఆయన చేసినది అన్న సేవయే. ఈమారు చేరవేసిన మూటలో మాత్రము బొమ్మలు లేవు, నిజములున్నవి. ఆ వంశమున అన్నదమ్ములు కలిసి చేసిన పనులలో నాకు గౌరవము కలిగించున దిది యొక్కటియే.

హిరో గ్రంథము వేరు రసమునకు జెందినది. 1945 లో భర్తనుండి విడిపోయి, చిన్న కూతుతోను, నల్లమందునకు బానిసయైన పూయీ పట్టపురాణి వాన్‌రోంగ్‌తోను ఆమె చీనాదేశపు చెరసాలలలో త్రిప్పబడినది. మందు లేక ఆ రాణి పడిన యాతనను హిరో దగ్గరనుండి యెరిగినది; ఆ రాణి 1946 లో దిక్కులేక మరణించినది. 1947 జనవరిలో జపాను చేరి, పుట్టింట నున్న పెద్దకూతు హుయిషెంగును కలిసికొన్నది. భర్త బ్రతికియున్నాడో లేడో తెలియని యేండ్లవి. ఆ పెద్దకూతురు చీనాభాష నేర్చికొని, 1954 లో ప్రధానమంత్రి చౌ ఎన్ లై గారికి తానే జాబు వ్రాసి, తండ్రికి ఉత్తరములు వ్రాసికొన ననుజ్ఞ యడిగినది. అనుజ్ఞ వచ్చినది, ఉత్తరములు నడచినవి. 1957 డిసెంబరులో ఆ పిల్ల పందొమ్మిదేండ్ల ప్రాయమున ఇజు ప్రాంతపు అమాగికొండపై, తుపాకిగుండుతో, తోటి విద్యార్థితోపాటు విగతజీవయై కనబడినది. రెండేండ్లకు తల్లి గ్రంథము వెలువడినది. అప్పటికి భర్త యింకను చెరలోనే యుండెను.

ఇట్టి గ్రంథమును తూచుటకు త్రాసు ఎత్తిన చేయి వణకును. అయినను విమర్శకుని ధర్మము విమర్శకునిది. ఆ తల్లి శోకము నిజము. దానిని వ్రాసిన తీరు నిరాడంబరము. కాని శోకమునకు ఒక స్వభావము గలదు; అది చదువరి కంటిముందు ఒక్క కుటుంబమునే నిలుపును. దానిని చలనచిత్రముగా చూచినవారు, అందమైన వస్త్రములతో ఒక కులస్త్రీ పడిన కష్టములకు కన్నీరు గార్చి యింటికి బోవుదురు. పొలము గోల్పోయిన మంచూరియా రైతు భార్యయు ఆ యేండ్లలోనే బిడ్డల నెత్తుకొని దేశములు పట్టి తిరిగినది; ఆమె గ్రంథము వ్రాయలేదు, ఆమెకు అక్షరములు రావు. హిరో దుఃఖమును తక్కువ చేయుమని నా మాట కాదు. ఒకరి కన్నీరు అచ్చుపడినప్పుడు అచ్చుపడని కన్నీటిని తలచుకొనుట చదువరి విధియని మాత్రమే చెప్పుచున్నాను.

1959 డిసెంబరులో పూయీ విడుదలయ్యెను. మరుసటి యేట పూజియే విడుదలయ్యెను. ఆయనకు మొదట ఇచ్చిన పని బీజింగులోని జింగ్‌షాన్ ఉద్యానమున తోటపని. నిషిద్ధనగరపు వెనుకనే యున్న గుట్ట యది. 1644 లో మింగ్ వంశపు చక్రవర్తి రాజ్యము పోయినదని ఉరివేసికొన్నది ఆ గుట్టమీదనే. ఆ యేటనే చింగ్ వంశము ఆ నగరమున పాదము మోపినది. ఒక వంశము ముగిసిన చోట, దాని స్థానమును ఆక్రమించిన వంశపు రాకుమారుడు మూడువందల పదునారేండ్లకు పిమ్మట చెట్లకు నీరు పోసెను. మింగ్ రాజునకు రాజ్యము లేని బ్రతుకు బ్రతుకుగా కనబడలేదు. పూజియేకు కనబడినది. ఈ చిన్న భేదమునకు నేను మిక్కిలి విలువ నిత్తును.

1961 లో హిరో చీనాకు వచ్చి భర్తను చేరినది; పదునారేండ్ల యెడబాటు. చౌ ఎన్ లై గారే ఆ కలయికకు తోడ్పడిరి. తరువాత ఆ దంపతులు బీజింగులో సామాన్యమైన యింట నివసించిరి. పూజియే చరిత్రసాధనములను కూర్చు పనిలో కుదిరెను; సాంస్కృతికవిప్లవపు కల్లోలము దాటి, జాతీయ ప్రజాసభలో సభ్యుడును అయ్యెను. ఆయన చేతివ్రాతకు రసజ్ఞులలో గొప్ప పేరు వచ్చినది. చిన్ననాట దొంగచాటుగా మోసిన మూటలలోని విద్యనే ఆయన తుదకు తన చేతితో చేసి చూపెను. 1967 లో అన్నయు, 1987 లో భార్యయు గతించిరి. ఆయన చితాభస్మములో సగము జపానులోని షిమొనొసెకి నగరమున భార్య, పెద్దకూతుల సరసను చేరినది.

మూడు రచనలను మూసివైచిన తరువాత నాకు మిగిలిన తలపు వేరొక మనుష్యుని గూర్చినది. ఈ యన్నదమ్ములకు పూరెన్ అను తమ్ముడు ఇంకొకడు గలడు. 1918 లో, అనగా వంశము పడిపోయిన ఆరేండ్లకు పుట్టెను. మంచూకువో వైభవమును కోరక తండ్రియొద్దనే యుండెను. 1947 లో తండ్రి యనుమతితో తమ ప్రాతనగరియందే చిన్నపిల్లల బడి పెట్టెను; ప్రభుత్వము మారిన తరువాతను ఉపాధ్యాయుడుగనే దశాబ్దములు గడపెను; 2015 లో తొంబదియారేండ్ల వయస్సున గతించెను. ఆయన చెరకు పోలేదు, ఒప్పుకోలు వ్రాయలేదు, లోకము నాకర్షించు చలనచిత్రమునకు నాయకుడు కాలేదు. అన్నలు అరువదేండ్లు తిరిగి, ఎందరి కష్టమునకో కారకులై, తుదకు నేర్చిన పాఠమును ఈయన మొదటనే యెరిగియుండెను. రాజనగరిలో బాలబాలికలు పలకలు పట్టి అక్షరములు దిద్దిన ఆ దినమున ఆ వంశమునకు పోయినదానికంటె గొప్పది వచ్చినదని నా యభిప్రాయము. కాని మన సాహిత్యదృష్టి కట్టి జీవితము కథగా కనబడదు. పతనమును వర్ణించుటకు మాటలున్నవి, పాఠశాలను వర్ణించుటకు లేవు.

మన దేశమునను 1948 లో మద్రాసు రాష్ట్రపు జమీందారీల రద్దుచట్టము వచ్చినది. సంస్థానాధీశుల రాజభరణములు 1971 లో నిలిచిపోయినవి. ఆ యిండ్ల కథలు తెలుగున వ్రాయబడినవి, ఇంకను వ్రాయబడును. వ్రాయువారిని నే నడుగున దొక్కటియే. కోట బీటలు వారిన తీరును, ఏనుగులశాల పాడుపడిన తీరును వర్ణించి మాత్రమే ముగింపకుడు. పసుపుగుడ్డను జూచి గద్దించిన దినమును వ్రాయుడు. చేరవేసిన మూట యెవరిదో వ్రాయుడు. మొదటిసారి తన బట్టలు తాను ఉదుకుకొన్న ఉదయమును వ్రాయుడు. హరిశ్చంద్రునకు రాజ్యము తిరిగి వచ్చినప్పుడు మనము లేచి చప్పట్లు కొట్టుదుము. ఆయన రాజ్యము నొల్లక, కాటిలో తనతో పనిచేసినవారి బిడ్డలకు అక్షరములు నేర్పుటకు నిలిచిపోయినచో చప్పట్లు కొట్టుదుమా? అట్లు కొట్టగల చదువరులు పెరిగిన దినమున ఈ కథలకు సరియైన ముగింపును వ్రాయువారును పుట్టుదురు.